కాగితం దేశం దాటాలంటే: నోటరీ, అపోస్టిల్, ఎంబసీ ముద్రల చిక్కుముడి

మీ బర్త్ సర్టిఫికెట్ తీసి ఒకసారి బల్ల మీద పెట్టుకుని చూడండి. పై భాగంలో మీ పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు ఉంటాయి. కింద ఒక సంతకం, దాని పక్కన ఒక ముద్ర ఉంటాయి. మన చూపు పై భాగం మీదికే పోతుంది, అది మన గురించి కాబట్టి. పరాయి దేశంలో కౌంటర్ వెనక కూర్చున్న అధికారి మాత్రం ముందు కింది భాగం చూస్తారు. ఈ సంతకం ఎవరిది? ఆ మనిషికి నిజంగా ఆ హోదా ఉందా? ఈ ముద్ర అసలుదేనా?

సొంత దేశంలో ఈ ప్రశ్నలు దాదాపుగా రావు. ఆ ముద్ర ఎలా ఉంటుందో, ఆ ఆఫీసు ఏ పని చేస్తుందో చూసేవాళ్ళకి తెలుసు. అనుమానం వస్తే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. సరిహద్దు దాటగానే ఆ పరిచయం తెగిపోతుంది. మీ కాగితం అబద్ధమని అవతలివాళ్ళు అనడం లేదు. నిజమో కాదో తేల్చుకునే దారి వాళ్ళ దగ్గర లేదు, అంతే.

నోటరీ, అటెస్టేషన్, లీగలైజేషన్, అపోస్టిల్, ట్రూ కాపీ... ఈ పేర్లన్నీ ఒకేసారి చెవిన పడితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ ఇవన్నీ పుట్టింది ఆ ఒక్క లోటు పూడ్చడానికే. ఇందులో ఏ ముద్రా మీ గురించి మాట్లాడదు. ప్రతి ముద్రా తన కింద ఉన్న సంతకం గురించే మాట్లాడుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చిక్కుముడిలో సగం అక్కడే విడిపోతుంది.

పాత పద్ధతి నుంచి మొదలుపెడితే ఇది బాగా అర్థమవుతుంది. సర్టిఫికెట్ మీద సంతకం చేసింది స్థానిక రిజిస్ట్రార్ అనుకుందాం. ఆయన సంతకం పై ఆఫీసుకి తెలుసు. ఎలా తెలుసంటే, ఆయన నమూనా సంతకం వాళ్ళ దగ్గర దాఖలై ఉంటుంది, దాంతో పోల్చి చూస్తారు. పై ఆఫీసు అధికారి సంతకం విదేశాంగ శాఖకి తెలుసు. విదేశాంగ శాఖలో ఈ పని చూసే అధికారుల సంతకాలు మీరు వెళ్ళబోయే దేశపు ఎంబసీ దగ్గర ఉంటాయి. ఆ ఎంబసీ సంతకం వాళ్ళ సొంత ప్రభుత్వానికి తెలుసు. ఇలా ఒకరి చేయి ఒకరు పట్టుకున్నట్టు గొలుసు కడితే, చివరికి మీ రిజిస్ట్రార్ సంతకాన్ని అవతలి దేశపు అధికారి నమ్మగలుగుతారు. దీన్నే లీగలైజేషన్ అంటారు. వాడుకలో ఎంబసీ అటెస్టేషన్ అనేది కూడా ఇదే.

ఈ గొలుసులో ఉన్నవాళ్ళెవరికీ మీరు తెలియదు. ప్రతివాళ్ళకీ తమ పక్కనున్నవాళ్ళ సంతకం మాత్రమే తెలుసు. మీరు నిజంగా ఆ రోజు పుట్టారా అని ఇన్ని కిటికీల్లో ఒక్కరు కూడా అడగరు! ఒక్క ముద్ర తప్పినా పై ముద్ర వేయరు. రెండో కిటికీ దగ్గరికి వెళ్ళకుండా నేరుగా మూడో కిటికీకి వెళ్తే మీ కాగితాన్ని వెనక్కి నెట్టేది అందుకే. అది వాళ్ళ మొండితనం కాదు, వాళ్ళకి కింది సంతకం నిజంగానే తెలియదు.

ఈ గొలుసును ఒక్క ముద్రకి కుదించాలని 1961 అక్టోబరు 5న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1965 జనవరి 24 నుంచి అది అమల్లో ఉంది. అందులో ఉన్న ఆలోచన చాలా తేలికైనది. ప్రతి సభ్య దేశం తమ దగ్గర ఈ పనికి అధికారం ఉన్న సంస్థ ఏదో ముందే ప్రకటిస్తుంది. అది విదేశాంగ శాఖ కావచ్చు, న్యాయ శాఖ కావచ్చు, కోర్టు కావచ్చు. ఆ సంస్థ వేసే ఒక్క సర్టిఫికెట్‌ను మిగతా సభ్య దేశాలు నమ్మాలి. ఆ సర్టిఫికెట్ మీద ఉన్న సంతకానికి మళ్ళీ ఇంకో ముద్ర అడగకూడదు. అంటే ఎంబసీ గుమ్మం ఎక్కాల్సిన పని పోయింది. ఆ ఒక్క సర్టిఫికెట్ పేరే అపోస్టిల్.

పేరు ఫ్రెంచిది. కాగితం అంచున రాసే చిన్న గమనిక అని ఆ మాటకి అర్థం. ఎప్పుడైనా ఒకటి చేతికి వస్తే కాస్త దగ్గరగా చూడండి, ముచ్చటగా ఉంటుంది. ఒప్పందంలో ఇచ్చిన నమూనా ప్రకారం అది ఒక చతురస్రం, ప్రతి భుజం కనీసం 9 సెంటీమీటర్లు. మిగతాది ఏ భాషలో ఉన్నా శీర్షిక మాత్రం ఫ్రెంచిలోనే ఉండాలి. దాని కింద 1 నుంచి 10 దాకా అంకెలు. మొదటిది దేశం పేరు. రెండోది, కింది కాగితం మీద సంతకం చేసినవారి పేరు. మూడోది వారి హోదా. నాలుగోది ఆ కాగితం మీద ఉన్న ముద్ర ఎవరిదన్నది. ఆ తర్వాత ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, నంబరెంత అన్నవి. తొమ్మిది, పది స్థానాల్లో అపోస్టిల్ వేసిన సంస్థ ముద్ర, సంతకం.

ఈ పదింటిలో మీ పేరు ఎక్కడా లేదు, గమనించారా? మీ డిగ్రీ గురించి, మీ పెళ్ళి గురించి, మీ పుట్టుక గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. అపోస్టిల్ చెప్పేవి మూడే మాటలు: ఈ సంతకం ఫలానావారిదే, వారు ఫలానా హోదాలోనే సంతకం చేశారు, ముద్ర ఉంటే అది ఫలానా ఆఫీసుదే.

అపోస్టిల్ ఉందంటే కాగితంలో రాసినదంతా ప్రభుత్వం నిజమని తేల్చినట్టే అనుకునేవాళ్ళు చాలామంది. మోసగాళ్ళు ఆడుకునేది సరిగ్గా ఈ అపోహతోనే. డబ్బు తీసుకుని డిగ్రీలు అచ్చేసే ఒక దొంగ సంస్థ ఉందనుకోండి. ఆ డిగ్రీకి ఫొటోకాపీ తీసి నోటరీ దగ్గరికి తీసుకెళ్తారు. ఇది అసలుకి సరిపోయే నకలు అని నోటరీ సంతకం చేస్తారు. ఆ మాటలో అబద్ధం లేదు, నకలు సరిపోయింది. నోటరీ సంతకం మీద అపోస్టిల్ పడుతుంది. అందులోనూ అబద్ధం లేదు, నోటరీ నిజమైన నోటరీయే. చివరికి చేతిలోకి వచ్చేది మెరిసే ముద్రలతో ఉన్న ఉత్తుత్తి డిగ్రీ. అందుకే అపోస్టిల్ చేతికొస్తే నేనైతే ముందు రెండో గడి, మూడో గడి చదువుతాను. అక్కడ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ పేరుందా, నోటరీ పేరుందా? ఆ ఒక్క తేడాతో కాగితం బరువు మొత్తం మారిపోతుంది.

ఏ దేశానికి వెళ్తోంది?

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఇది. కాగితం పుట్టిన దేశం, అది చేరాల్సిన దేశం, రెండూ ఒప్పందంలో ఉంటేనే అపోస్టిల్ చెల్లుతుంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. ఈ జాబితా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నాలుగైదేళ్ళ కిందట ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెళ్ళకండి. సింగపూర్ 2021లో, ఇండోనేషియా, సౌదీ అరేబియా 2022లో, పాకిస్తాన్, చైనా 2023లో ఈ పద్ధతిలోకి వచ్చాయి. కెనడా లాంటి దేశం 2024 జనవరిలో గానీ రాలేదంటే చాలామంది నమ్మరు. యూఏఈ, ఖతార్ లాంటి చోట్లకి ఇంకా ఎంబసీ గొలుసే దారి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. రెండు దేశాలూ జాబితాలో ఉన్నా వాటి మధ్య ఒప్పందం నడవకపోవచ్చు. కొత్తగా ఒక దేశం చేరినప్పుడు పాత సభ్యులు అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. చెబితే ఆ రెండు దేశాల మధ్య మాత్రం ఒప్పందం అమల్లోకి రాదు, మిగతా అందరితో మామూలుగానే ఉంటుంది. భారత్ 2005లో చేరినప్పుడు జర్మనీ ఇలాగే అభ్యంతరం చెప్పింది. కాబట్టి జాబితాలో పేరుందా అని చూస్తే సరిపోదు, ఆ పేరు పక్కన ఉన్న గమనిక కూడా చదవాలి. ఈ ఒప్పందం వ్యవహారాలు చూసే హేగ్ సంస్థ వెబ్‌సైట్‌లో సభ్య దేశాల పట్టిక, ఏ దేశంలో ఏ సంస్థకి అధికారం ఉందో ఆ వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి.

అసలు ఏ ముద్రా అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య పుట్టుక, పెళ్ళి, మరణం వంటి సర్టిఫికెట్లకి 2019 ఫిబ్రవరి 16 నుంచి అపోస్టిల్ అడగకూడదు. అనువాదం ఖర్చు తప్పించడానికి పలు భాషల ఫారం ఒకటి కూడా జత చేసి ఇస్తారు. ఇవేవీ లేకపోయినా, కాగితం తీసుకునే ఆఫీసు స్కాన్ కాపీ చాలని అనవచ్చు. అన్నిటికన్నా ముందు వాళ్ళనే అడగడం మంచిది: ఏ కాగితం, అసలా నకలా, ఎన్ని నెలల్లోపు తీసుకున్నది, ఏ భాషలో, ఏ ముద్రతో? జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా విన్నది రేపు ఇంకో మనిషి డ్యూటీలో ఉంటే మారిపోతుంది.

ఇక అపోస్టిల్ ఎవరు వేస్తారు? కాగితం పుట్టిన దేశమే. మీరు ఇప్పుడు ఉంటున్న దేశంతో దానికి సంబంధం లేదు. ఒక దేశంలో పుట్టి, ఇంకో దేశంలో చదివి, మూడో దేశంలో ఉద్యోగం చేస్తూ, నాలుగో దేశానికి వలస వెళ్తున్న మనిషి సంగతి ఊహించుకోండి. బర్త్ సర్టిఫికెట్ మొదటి దేశానికి, డిగ్రీ రెండో దేశానికి, పోలీస్ క్లియరెన్స్ మూడో దేశానికి, ఇలా ఏ కాగితమైనా తన పుట్టింటికి వెళ్ళి ముద్ర వేయించుకుని రావాల్సిందే. దగ్గర్లో ఉన్న సొంత దేశపు ఎంబసీలో పని అయిపోతుందనుకుంటారు. ఎంబసీలు, కాన్సులేట్లు ఇచ్చే పత్రాలను ఆ ఒప్పందమే తన పరిధిలోంచి తప్పించింది. వాటికి వేరే దారి వెతుక్కోవాలి.

ఒకే దేశంలో కూడా ఎవరి వాటా వారిదే. అమెరికాలో రాష్ట్రం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌కి ఆ రాష్ట్రమే అపోస్టిల్ వేస్తుంది. ఎఫ్‌బీఐ ఇచ్చిన పోలీస్ రికార్డు ఫెడరల్ పత్రం కాబట్టి దానికి వేయాల్సింది ఫెడరల్ విదేశాంగ శాఖ. ఒకదాన్ని ఇంకోచోటికి పంపితే కొన్ని వారాల తర్వాత అలాగే తిరిగొస్తుంది. కారణం మళ్ళీ అదే: ఆ సంతకం వాళ్ళ రికార్డులో లేదు.

నోటరీ ఎక్కడ వస్తారు?

ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న కాగితానికి నోటరీతో పని లేదు. కోర్టు తీర్పు, రిజిస్ట్రార్ సర్టిఫికెట్, ప్రభుత్వ విశ్వవిద్యాలయం డిగ్రీ వంటివాటి మీద చాలా దేశాల్లో నేరుగా అపోస్టిల్ పడుతుంది. నోటరీ కావాల్సింది ప్రైవేటు కాగితాలకి. మీరు రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, మీ కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రం ఉంది. వాటి మీద ఉన్నది మామూలు మనిషి సంతకం, దాన్ని పోల్చి చూసుకోవడానికి ఏ ప్రభుత్వం దగ్గరా నమూనా ఉండదు. కాబట్టి ముందు నోటరీ ఎదుట సంతకం చేస్తారు, నోటరీ దాన్ని ధ్రువీకరిస్తారు, ఆ ధ్రువీకరణ మీద అపోస్టిల్ వేస్తారు. ప్రైవేటు కాగితాన్ని ప్రభుత్వ గొలుసుకి తగిలించే కొక్కెం నోటరీ అన్నమాట.

అన్ని దేశాల్లో నోటరీ ఒకటే కాదు. అమెరికాలో నోటరీ ప్రధానంగా మీ గుర్తింపు చూసి, సంతకం చేసింది మీరేనని చెప్తారు. లోపల ఏం రాశారన్నది ఆయన బాధ్యత కాదు. ఫ్రాన్స్, స్పెయిన్, జర్మనీల్లో నోటరీ అంటే న్యాయశాస్త్రం చదివి, పత్రాన్ని తానే తయారుచేసి, దాని చట్టబద్ధతకి బాధ్యత వహించే మనిషి. అందుకని అమెరికాలో నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీని చూసి స్పెయిన్‌లో పెదవి విరిచారంటే, అపోస్టిల్‌లో లోపం ఉండకపోవచ్చు. నోటరీ అంటే వాళ్ళు ఊహించుకున్నది ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. ఆస్తి వ్యవహారాలైతే పత్రం ముసాయిదాను ముందు అవతలి దేశపు లాయర్‌కి చూపించి, వాళ్ళు అడిగిన మాటలు చేర్చుకున్నాకే నోటరీ దగ్గరికి వెళ్ళడం మేలు.

అనువాదం ఎప్పుడన్నది ఇంకో పెద్ద తలనొప్పి. అనువాదకుడు కూడా ఒక సంతకం పెడతాడు, దాన్నీ ఎవరో నమ్మాలి. జర్మనీలో, స్పెయిన్‌లో ప్రమాణం చేసిన అధికారిక అనువాదకుల పద్ధతి ఉంది, బ్రిటన్‌లో అలాంటిది లేదు. చేరాల్సిన దేశంలో అలాంటి అనువాదకులుంటే, ముందు అసలు కాగితానికి అపోస్టిల్ వేయించి, ఆ తర్వాత అపోస్టిల్‌తో సహా మొత్తాన్ని వాళ్ళ చేతే అనువాదం చేయిస్తే సాధారణంగా ఒక్క ముద్రతో పోతుంది. మీ దగ్గరే అనువాదం చేయించి తీసుకెళ్తే ఆ అనువాదానికి విడిగా నోటరీ, విడిగా అపోస్టిల్ అడిగే అవకాశం ఉంది. తొందరపడి ముందే అనువాదం చేయించుకున్నవాళ్ళు రెండుసార్లు డబ్బు కట్టేది ఇక్కడే.

చిన్న చిన్న విషయాలే ఎక్కువ ఏడిపిస్తాయి. పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ మీద ముద్ర కూర్చోదు, కొత్త కాపీ తెచ్చుకోమంటారు. ముప్ఫై ఏళ్ళ కిందటి సర్టిఫికెట్ మీద సంతకం చేసిన అధికారి ఎప్పుడో రిటైరై ఉంటారు, ఆయన నమూనా సంతకం దొరక్కపోవచ్చు. ఆఫీసుల చుట్టూ తిరిగి పాతదాన్ని నెగ్గించుకునే బదులు, ఇప్పుడున్న అధికారి సంతకంతో తాజా కాపీ తీసుకోవడమే దగ్గరి దారి. గడువు సంగతి మరీ తికమక. ఒప్పందం ప్రకారం అపోస్టిల్‌కి కాలపరిమితి లేదు. కానీ దాని కింద ఉన్న కాగితం మూడు నెలల్లోపుదో ఆరు నెలల్లోపుదో అయి ఉండాలని తీసుకునే ఆఫీసు అనవచ్చు. అపోస్టిల్ చెల్లుతుంది, పోలీస్ క్లియరెన్స్ పాతబడింది. అప్పుడు రెండూ మళ్ళీ తెచ్చుకోవాల్సిందే. అందుకే పెళ్ళికానట్టు సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ లాంటివి అన్నిటికన్నా చివర తీసుకోవాలి.

ఇక పిన్ను. అపోస్టిల్‌ను కొన్నిసార్లు విడి కాగితం మీద అచ్చేసి, అసలు పత్రానికి పిన్నుతోనో రివెట్‌తోనో జత చేసి, రెండు కాగితాల అంచుల మీదా పడేలా ముద్ర కొడతారు. నేను ఒకసారి బుద్ధిమంతుడిలా స్కానర్‌లో శుభ్రంగా రావాలని ఆ పిన్ను పీకేశాను. స్కాన్ చాలా బాగా వచ్చింది. మళ్ళీ అదే రంధ్రాల్లో పిన్ను కూర్చోబెట్టడానికి అరగంట తంటాలు పడ్డాను కానీ కౌంటర్‌లో ఉన్నావిడ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, పక్కపక్కన ఉన్న రెండు జతల చిల్లులు చూసి, ఏమీ అనకుండా వెనక్కిచ్చేశారు. ఆవిడ తప్పేం లేదు. విడిపోయిన అపోస్టిల్ ఏ కాగితానిదో ఎవరు చెప్పగలరు? పేజీ మడిచి స్కాన్ చేసుకోండి, మూల నల్లగా వచ్చినా ఫర్వాలేదు.

కాగితమే లేని అపోస్టిల్ కూడా ఇప్పుడు ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతి మీద హేగ్ సంస్థ 2006లో పని మొదలుపెట్టింది. న్యూజిలాండ్, కొలంబియా వంటి దేశాలు ఇ-అపోస్టిల్ ఇస్తున్నాయి. దీని విషయంలో జనం చేసే పొరపాటు పిన్ను పీకడం లాంటిదే. వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి పట్టుకెళ్తారు. డిజిటల్ సంతకం ఉండేది ఫైల్‌లో, కాగితం మీద పడేది దాని బొమ్మ మాత్రమే. ఫైల్‌ను ఫైల్‌గానే పంపాలి.

అపోస్టిల్ దొంగదైతే? దానికీ 1961లోనే ఏర్పాటు చేశారు. వేసిన ప్రతి అపోస్టిల్ నంబరు, తేదీ, కింది కాగితం మీద సంతకం చేసినవారి పేరు, హోదా ఆ సంస్థ రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. ఎవరైనా అడిగితే సరిపోల్చి చెప్పాలి. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉంది, నంబరు, తేదీ కొట్టి చూసుకోవచ్చు. మీది చేతికి రాగానే మీరే ఒకసారి చూసుకోండి. ఏజెంటు ద్వారా చేయించినప్పుడైతే తప్పకుండా చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా కాగితం తిరస్కరించవచ్చా? గడుల అమరిక కాస్త తేడాగా ఉందనో, చతురస్రం కొలత సరిపోలేదనో అపోస్టిల్‌ను కాదనడం తగదు. కానీ లోపలి విషయాన్ని తమ చట్టం ప్రకారం తూచుకునే అధికారం తీసుకునేవాళ్ళకి పూర్తిగా ఉంటుంది. ఎక్కువగా దెబ్బతీసేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీలో ఒక్క అక్షరంగా ఉంటుంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఆ రెండు కాగితాల మీదా అపోస్టిల్ నిక్షేపంగా ఉంటుంది, ఎందుకంటే సంతకాలు రెండూ అసలువే. ఆ ఇద్దరూ ఒకరేనని మాత్రం ఏ ముద్రా చెప్పదు. స్పెల్లింగ్ దిద్దించుకోవాల్సింది మొదటి కిటికీ దగ్గరే, ఒక్క ముద్ర కూడా పడకముందే.